పాప కోలుకుంది, ఇప్పుడు ఇతర కుటుంబాలకు ఎలా అండగా ఉండాలి?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్ల వయసులో రక్త క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్‌లో రెండున్నరేళ్లు చికిత్స చేయించాం. ఇప్పుడు తనకు పదకొండేళ్లు, ఆరోగ్యంగా ఉంది. వార్డులో పరిచయమైన తల్లులు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి మందుల గురించి, కాగితాల గురించి అడుగుతుంటారు. మా పక్క ఊరి బాబుకు చికిత్స నడుస్తోంది. హాజరు లేదనీ, మిగతా పిల్లల తల్లిదండ్రులు భయపడుతున్నారనీ బడివాళ్లు టీసీ తీసుకెళ్లమన్నారట. నన్ను వచ్చి మాట్లాడమని ఆ తల్లి అడిగింది. ఇలాంటి కుటుంబాల కోసం ఒక సంఘం పెట్టాలని నాకుంది. కానీ మా ఆయన ఒప్పుకోవడం లేదు. "ఆడపిల్ల, రేపు పెళ్లి కావాలి, నువ్వు ఊరంతా తిరిగి చెబితే దాని గతి ఏమిటి?" అంటున్నారు. నేను పెద్దగా చదువుకోలేదు. నాకీ అర్హత ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటిలో ముందుగా మీ వారి అభ్యంతరం గురించి మాట్లాడుకోవాలి. అది తేలకుండా మీరు ఏ పని మొదలుపెట్టినా ఇంట్లో గొడవగానే మిగులుతుంది. ఆయన భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయకండి. క్యాన్సర్ అంటువ్యాధి కాదని బాగా తెలిసినవాళ్లు కూడా సంబంధం మాటలు వచ్చేసరికి వెనక్కి తగ్గడం పిల్లల క్యాన్సర్ వార్డులో సామాజిక కార్యకర్తగా పనిచేసిన ఇన్నేళ్లలో నేను చాలాసార్లు చూశాను, ఆడపిల్లల విషయంలో మరీ ఎక్కువగా చూశాను. ఆయన అడుగుతున్నది న్యాయమైన మాటే: ఆ జబ్బు కథ పాపది, దాన్ని ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో పెద్దయ్యాక తనే తేల్చుకోవాలి. కాబట్టి పాప పేరు గానీ, ఫొటో గానీ, బడి పేరు గానీ ఎక్కడా బయటపెట్టనని మీ వారికి మాటివ్వండి, ఇచ్చిన మాటకు కట్టుబడండి. జుట్టు రాలిన పసిపిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి విరాళాలు అడగడం మంచి ఉద్దేశంతో చేసినా సరే, నాకు సమ్మతం కాదు. ఆ ఫొటో పదేళ్ల తరవాత ఎవరి చేతిలో ఉంటుందో ఎవరికీ తెలియదు. మీరు చెప్పవలసింది తల్లిగా మీ అనుభవం మాత్రమే, దానికి పాప పేరు అక్కర్లేదు.

అయితే ఊరికి చెప్పకపోవడం వేరు, పాపకే చెప్పకుండా దాచడం వేరు. రెండోది చేయకండి. ఏడేళ్లప్పుడు జరిగినదంతా పిల్లలకు గుర్తుండదు, ఉన్నా "ఏదో రక్తం తక్కువై ఆసుపత్రిలో ఉన్నాను" అన్నట్టుగానే ఉంటుంది. తనకు ఏ జబ్బు వచ్చిందో, ఏ మందులు పడ్డాయో వయసుకు తగిన మాటల్లో తనకు తెలియాలి. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

ఇక అర్హత మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలు, పంతొమ్మిదేళ్లలోపు వాళ్లు, క్యాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాల్లో వారిలో 80 శాతానికి పైగా కోలుకుంటుంటే, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా కోలుకోవడం లేదు. అందుకే 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మందైనా బతికేలా చూడాలని ఆ సంస్థ 2018లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ తేడాకు మందులు దొరకకపోవడం, జబ్బును ఆలస్యంగా గుర్తించడం వంటి కారణాలతోపాటు మరొకటి ఉంది: మొదలుపెట్టిన చికిత్సను కుటుంబాలు మధ్యలో ఆపేయడం. డాక్టర్లు ఒంటరిగా పరిష్కరించలేనిది ఇదే, మీలాంటి తల్లి అవసరం ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే.

మీ పాపకు జరిగింది గుర్తు చేసుకోండి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్ అయిన లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో మొదటి నెల చికిత్స అయ్యేసరికి చాలామందికి ఎముక మజ్జ పరీక్షలో క్యాన్సర్ కణాలు కనిపించవు. పిల్లవాడు లేచి తిరుగుతాడు, ఆకలవుతోందంటాడు. జబ్బు పోయిందని కుటుంబం అనుకోవడంలో తప్పు లేదు, చూసిన కంటికి అలాగే ఉంటుంది మరి. కానీ మిగిలి ఉన్న కణాలు పరీక్షకు అందనంత తక్కువగా ఉన్నాయే తప్ప లేకుండా పోలేదు. ఆ తరవాతి నెలల సూదులు, వెన్నులోకి ఎక్కించే మందు, ఆపైన రోజూ వేసుకునే సిక్స్-ఎంపీ మాత్రలు, వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అన్నీ వాటికోసమే. ఈ సంగతి డాక్టరు చెప్పినప్పుడు భయంలో ఉన్న తల్లిదండ్రుల చెవికి ఎక్కదు. రెండేళ్లు ఆ దారిలో నడిచి వచ్చిన మరో తల్లి చెబితే ఎక్కుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి రెండో నెల తరవాత కొడుకును ఇంటికి తీసుకెళ్లి మళ్లీ రాలేదు. వార్డు నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు, "ఎందుకు రాలేదు?" అని నిలదీస్తామని ఆయనకు తెలుసు. చివరకు అదే మందుల వరుసలో రెండు నెలలు ముందున్న మరో పిల్లవాడి తండ్రి ఫోన్ చేశాడు. ఎందుకు రాలేదని ఆయన అడగలేదు. "పత్తి ఏరడం ఎప్పటికైపోతుంది? తేదీ కొంచెం జరపడానికి వీలవుతుందేమో డాక్టరుగారిని అడగనా?" అన్నాడు. డాక్టరు రెండు రోజుల వెసులుబాటు ఇచ్చారు, పిల్లవాడు వచ్చాడు. ఆ కుటుంబాన్ని ఆపింది నిర్లక్ష్యం కాదు. ఇంటి దగ్గర చిన్నపిల్లను చూసేవాళ్లు లేకపోవడం, చేలో పంట, చేబదులు తెచ్చిన డబ్బు అయిపోవడం. మీకు ఫోన్ చేసే తల్లులను కూడా ముందుగా ఇలాంటివే అడగండి: ఇంటి దగ్గర ఎవరున్నారు, కూలి ఎన్నాళ్లు పోయింది, బస్సు ఖర్చుకు ఉందా? అసలు అడ్డంకి ఏమిటో అక్కడ బయటపడుతుంది.

మందుల విషయంలో మాత్రం ఒక గీత గీసుకోండి, దాన్ని దాటకండి. మీ పాపకు అర మాత్ర ఇచ్చారని వాళ్ల పిల్లవాడికీ అర మాత్రే అని చెప్పకూడదు. రక్తకణాల లెక్కను బట్టి, బరువును బట్టి ఆ మోతాదు మారుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, బొప్పాయి ఆకు రసం పట్టమంటారా అని అడిగితే, డాక్టరును అడగకుండా ఏదీ పట్టవద్దని చెప్పండి. మీరు ధైర్యంగా చెప్పదగినవి రెండున్నాయి. మొదటిది, మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే అని డాక్టరు రాసిస్తే, పొరపాటున వాటిని రోజూ వేయడం ప్రాణాంతకం. మాత్ర వేయాల్సిన ఆ రోజును గోడ మీది క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో చుట్టి పెట్టుకోమనండి, వేసిన వెంటనే కొట్టేయమనండి. రెండోది జ్వరం. చికిత్సలో ఉన్న బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే, అది అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. తెల్లకణాలు తక్కువగా ఉన్న సమయంలో ఇన్‌ఫెక్షన్ గంటల్లోనే ప్రాణం మీదకు తెస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించి తెల్లారాక చూద్దామనుకునే లోపే చేయి దాటిపోవచ్చు.

కాగితాల పని మీకు ఇప్పటికే తెలుసు, ఫోన్లు వస్తున్నాయంటేనే అది అర్థమవుతోంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. కానీ బిడ్డ పేరు ఆహారభద్రత కార్డులో ఎక్కకపోయినా, ఆధార్‌లో ఒక పేరు, జనన ధ్రువీకరణ పత్రంలో ఇంకొక పేరు ఉన్నా ఆసుపత్రిలో పని ఆగుతుంది. జబ్బు బయటపడిన వారంలోనే ఈ పేర్లు సరిచూసుకోమని చెప్పడం మీరు చేయగల పెద్ద సాయం. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసినప్పుడు ఏ కాగితం తక్కువైందో రాసి ఇవ్వమని మర్యాదగా అడగమనండి. నోటితో చెప్పింది మర్నాడు మారిపోతుంది. పథకం కిందికి రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీకి, అంటే చికిత్స ఖర్చుకు ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రానికి, దరఖాస్తు చేసుకోవచ్చు. రైలులో వచ్చేవాళ్లకు ఆసుపత్రి సంతకంతో ఉన్న రాయితీ పత్రం ఉంటే స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఇది తెలియక ఇబ్బంది పడేవాళ్లు ఎందరో. నెలల తరబడి నగరంలో ఉండవలసినవాళ్ల కోసం 2006లో ముంబయిలో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ సంస్థ హైదరాబాద్‌లో కూడా ఉచిత వసతి ఇస్తోంది. అక్కడికి నేరుగా వెళితే కుదరదు, చికిత్స చేస్తున్న ఆసుపత్రి పంపాలి. కాబట్టి మొదటి రోజే వార్డులోని సామాజిక కార్యకర్తను అడగాలి.

పక్క ఊరి బాబు సంగతికి వద్దాం. దీనికి మీరు తప్పకుండా వెళ్లాలి, కానీ ఆ తల్లిదండ్రులతో కలిసే వెళ్లాలి, వాళ్ల తరఫున ఒంటరిగా కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం బడిలో చేరిన పిల్లలను ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు తొలగించడానికి వీల్లేదు. తల్లిదండ్రుల చేతనే టీసీ అడిగించడం ఈ నిబంధనను పక్కదారి పట్టించడమే. అందుకని ఎట్టి పరిస్థితిలోనూ టీసీ కావాలని సంతకం పెట్టవద్దని వాళ్లకు ఈరోజే చెప్పండి. అయితే చట్టం మాట మొదటి సమావేశంలోనే ఎత్తకండి. చాలా బడుల్లో అసలు కారణం భయమే: పిల్లవాడికి ఏమైనా అయితే మా మీదకు వస్తుందని. చికిత్స చేస్తున్న డాక్టరు నుంచి ఒక ఉత్తరం తీసుకెళ్లండి. ఈ జబ్బు ఇతర పిల్లలకు అంటుకోదని, ఏయే నెలల్లో హాజరు తగ్గుతుందని, ఏ ఆటలు వద్దని, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలని అందులో ఉండాలి.

నిజానికి బడిలో జాగ్రత్త అవసరమైనది మిగతా పిల్లలకు కాదు, ఈ బాబుకు. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ గానీ తట్టు గానీ వస్తే ఆ సంగతి అదే రోజు ఈ తల్లికి తెలియాలి. రోగనిరోధక శక్తి తగ్గి ఉన్న పిల్లలకు ఆ జబ్బులు ప్రమాదకరం, వెంటనే డాక్టరుకు చెబితే చేయగలిగిన రక్షణ ఉంటుంది. ఈ ఒక్క బాధ్యత తీసుకోమని తరగతి టీచరును అడగండి. బిడ్డను పంపించేయమన్న బడే బిడ్డను కాపాడే పనిలో భాగమైతే చాలా మార్పు వస్తుంది. ఇంత చేసినా వినకపోతే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడా జరగకపోతే జిల్లా విద్యాధికారి, ఆపైన రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉన్నాయి.

పాపకు తన జబ్బు తెలియాలని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. బిడ్డ బతికితే చాలనుకున్న రోజుల్లో ఆపైన ఏముంటుందో ఎవరూ అడగలేదు, అడగలేకపోయారు. ఇప్పుడు ఆ పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు. ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్, డౌనోరుబిసిన్ మందులు కొందరిలో ఏళ్ల తరవాత గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు, అందుకే మొత్తం ఎంత మోతాదు పడిందో తెలిసి ఉండాలి, డాక్టరు చెప్పిన వ్యవధిలో ఎకో పరీక్ష చేయించాలి. తలకు రేడియేషన్ ఇచ్చిన పిల్లల్లో ఎదుగుదల, చదువు, జ్ఞాపకశక్తి దెబ్బతినవచ్చు. సిస్‌ప్లాటిన్ వినికిడిని తగ్గించవచ్చు. కొన్ని మందులు సంతాన సామర్థ్యం మీద ప్రభావం చూపవచ్చు. ఇవి అందరికీ వస్తాయని కాదు. ఎవరికి ఏది రావచ్చో వాళ్లకు పడిన మందులను బట్టి చెప్పగలుగుతారు, కాబట్టి ఆ వివరం లేని మనిషికి ముప్ఫై ఏళ్ల వయసులో ఆయాసం వస్తే, చూసే డాక్టరుకు దారి దొరకదు. మీ వారు పాప పెళ్లి గురించి బెంగపడుతున్నారు గనుక ఆయనకు ఇదీ చెప్పండి: గర్భవతి అయినప్పుడు ఆమె గుండెను ముందే పరీక్షించాలో లేదో చెప్పగలిగేది ఆ మందుల వివరాలున్న కాగితమే.

ఆ కాగితాన్నే చికిత్స సారాంశం అంటారు. జబ్బు పేరు, బయటపడిన తేదీ, ఒక్కో మందు మొత్తం మోతాదు, రేడియేషన్ ఇచ్చి ఉంటే ఎక్కడ ఎంత, ఆపరేషన్లు, ఎక్కించిన రక్తం, వచ్చిన తీవ్రమైన ఇబ్బందులు, చికిత్స ముగిసిన తేదీ అన్నీ అందులో ఉండాలి. వచ్చే ఫాలోఅప్‌కు వెళ్లినప్పుడు మీ పాపది అడిగి తీసుకోండి, ఫొటో తీసి రెండుచోట్ల దాచండి. చికిత్స తరవాత ఏ టీకాలు మళ్లీ వేయించాలో కూడా అప్పుడే అడగండి. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో చికిత్స పూర్తయిన పిల్లల కోసం 1991లోనే ప్రత్యేక క్లినిక్ మొదలైంది. ఇండియన్ క్యాన్సర్ సొసైటీ అండతో 2009లో చిన్నప్పుడు క్యాన్సర్ నుంచి కోలుకున్న యువతీయువకులే ఉగమ్ అనే బృందంగా ఏర్పడ్డారు. మీ పాప పెద్దయి, తన సంగతి తానే మాట్లాడాలనుకుంటే అలాంటి చోట్లున్నాయని తనకు తెలిసి ఉండడం మంచిది. క్యాన్సర్ వల్ల కాలు తొలగించిన, వినికిడి పోయిన పిల్లలు మీ ఎరుకలో ఉంటే వైకల్య ధ్రువపత్రం కోసం ప్రభుత్వం నడిపే సదరం శిబిరంలో పరీక్ష చేయించుకోమనండి. క్యాన్సర్ వచ్చి తగ్గిందన్న కారణంతో ఆ ధ్రువపత్రం ఇవ్వరు గానీ, దానివల్ల మిగిలిన వైకల్యానికి ఇస్తారు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. మీరు తోడున్న పిల్లలందరూ బతకరు. ఒక బిడ్డ పోయినప్పుడు "మీ పాప బతికింది కదా" అన్న మాట ఆ తల్లి నోటి నుంచి రావచ్చు, రాకపోయినా ఆమె కళ్లలో మీకు కనిపించవచ్చు. అప్పుడు సమాధానం చెప్పకండి, వెళ్లడం మాత్రం మానకండి. జబ్బు ముదిరిన బిడ్డకు నొప్పి తగ్గించే ఉపశమన చికిత్స ఉందని, దాన్ని అడిగినంత మాత్రాన బిడ్డను వదిలేసినట్టు కాదని ముందే చెప్పగలిగితే అది ఆ కుటుంబానికి మీరు చేసే ఉపకారం. మీ మీద మోయలేనంత బరువు పడకుండా, ఒకేసారి మూడు నాలుగు కుటుంబాలకు మించి ఒప్పుకోకండి. రాత్రి వేళ జ్వరం గురించి తప్ప ఫోన్ చేయవద్దని చెప్పండి. ఎవరి డబ్బూ మీ చేతుల మీదుగా నడవనివ్వకండి. దాతలు ఉంటే నేరుగా ఆసుపత్రికి గానీ, రసీదు ఇచ్చే సంస్థకు గానీ కట్టమనండి. ఒక్క లెక్క తేడా వచ్చినా, మీరు చేసిన మంచి పనంతా అనుమానం కిందికి వెళుతుంది.

సంఘం పెట్టడానికి తొందర అక్కర్లేదు. తెలంగాణలో ఏడుగురు సభ్యులుంటే సొసైటీ రిజిస్టర్ చేయించుకోవచ్చు, అది పెద్ద పని కాదు. ఏటా లెక్కలు రాయడం, సమావేశాలు పెట్టడం, వాటి మధ్య అసలు పని ఆగకుండా చూడడం కష్టం. ఢిల్లీ కేంద్రంగా 2004లో పూనమ్ బగాయ్ స్థాపించిన క్యాన్‌కిడ్స్ వంటి సంస్థలు దేశంలో పలు ఆసుపత్రులతో కలిసి పనిచేస్తున్నాయి. వాటితో కలిసి నడిస్తే మీ జిల్లా అనుభవం వాళ్లకు, వాళ్ల పరిచయాలు మీకు ఉపయోగపడతాయి. అయినా ప్రభుత్వాన్ని అడగడానికి సంఘం ఉండాలన్న నియమం లేదు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణికి నలుగురు తల్లులు కలిసి వెళ్లి అర్జీ ఇస్తే సరిపోతుంది. వెళ్లినప్పుడు క్యాన్సర్ పిల్లలకు అన్ని సౌకర్యాలూ కల్పించాలని రాయకండి, అలాంటి అర్జీ ఏ అధికారికీ చెందదు. ఒక్క కోరికే, ఎవరు తీర్చగలరో తెలిసిన కోరికే రాయండి.

మీ జిల్లాకు పనికొచ్చేది ఒకటి నాకు తోస్తోంది. మాత్రల దశలో ఉన్న పిల్లల్ని కేవలం రక్తకణాల లెక్క కోసం ఊరి నుంచి హైదరాబాద్‌కు తీసుకెళ్లి, కూలి పోగొట్టుకుని, వరుసలో నిలబడి తిరిగొచ్చే కుటుంబాలు ఉన్నాయి. ఆ పరీక్ష ప్రభుత్వం నడిపే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా జిల్లాలోనే ఉచితంగా చేయించవచ్చు. కావలసిందల్లా క్యాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లల నమూనాలకు ఫలితం అదే రోజు ఇచ్చేలా కలెక్టరుగారి ఉత్తర్వు, ఆ ఫలితాన్ని ఫోన్‌లో చూసి మోతాదు చెప్పడానికి మీ ఆసుపత్రి డాక్టర్ల అంగీకారం. ముందు డాక్టర్లను అడిగి వాళ్ల సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోండి, దాన్ని అర్జీకి జతచేయండి. ఎంతమంది పిల్లలు, ఏయే మండలాల వాళ్లు, నెలకు ఎన్నిసార్లు ప్రయాణం, ఒక్కసారికి ఎంత ఖర్చు అన్నది పేర్లు లేకుండా ఒక పేజీలో రాయండి. ఆ పేజీ తయారుచేసే పని మీ వారికి అప్పగించి చూడండి. పాప పేరు ఎక్కడా లేని పని కదా, ఆయన కాదనకపోవచ్చు.